ఫవోర్కి: పోలండ్ కార్నివాల్ పిండివంటను ఇంట్లో చేసుకునే విధానం

పోలండ్‌లో జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగతో కార్నివాల్ రోజులు మొదలవుతాయి. విభూది బుధవారం ముందటి రాత్రితో ముగుస్తాయి. ఆ తరువాత ఈస్టర్ దాకా తపస్సు కాలం. పూర్వం ఆ కాలంలో మాంసంతో పాటు గుడ్లు, వెన్న, పందికొవ్వు కూడా ముట్టేవారు కారు. ఇంట్లో ఉన్న గుడ్లూ కొవ్వూ ఉపవాసాలకు ముందే వాడేసుకోవాలి కాబట్టి, చలి గడ్డకట్టించే ఆ వారాల్లో పోలండ్ వంటిళ్లలో వేపుళ్ల బాణలి పొయ్యి దిగేది కాదు. ఆ అలవాటు ఈనాటికీ నిలిచింది.

ఈ సంబరమంతా చిక్కబడేది విభూది బుధవారానికి ముందు వచ్చే గురువారం నాడు. పోలిష్‌లో దాని పేరు త్వుస్టీ చ్ఫార్టెక్, అంటే కొవ్వు గురువారం. ఈస్టర్‌కు సరిగ్గా 52 రోజుల ముందు వస్తుంది. 2026లో అది ఫిబ్రవరి 12, 2027లో ఫిబ్రవరి 4. ఆ రోజు ఊరంతా తినేవి రెండు. ఒకటి పోంచ్కి: ఈస్టుతో పొంగించిన పిండిలో గులాబీ రేకుల జామ్ పెట్టి వేయించే గుండ్రటి తీపి. వార్సాలో నోవీ శ్వియాత్ వీధిలోని బ్లిక్లె దుకాణం 1869 నుంచీ వీటికి పేరుపడింది. ఆ గురువారం మిఠాయి దుకాణాల ముందు పొద్దున్నే బారులు తీరి నిలబడతారు. రెండోది ఫవోర్కి: పలుచని రిబ్బను ముక్కను నడుమ మెలిపెట్టి, కరకరలాడేలా వేయించి, పంచదార పొడి కప్పినది. దక్షిణాన క్రాకోవ్ వైపు దీన్నే హ్రుస్ట్ అంటారు. అమెరికాకు వలస వెళ్లిన పోలిష్ కుటుంబాలు హ్రుశ్చికి అంటాయి. షికాగో, బఫెలో ప్రాంతాల్లోని ఆ కుటుంబాలు కార్నివాల్ కోసమే ఆగకుండా క్రిస్మస్‌కూ, ఈస్టర్‌కూ, పెళ్లిళ్లకూ పళ్లేల నిండా వీటిని చేస్తాయి. లిథువేనియా, ఉక్రెయిన్, ఇటలీలలోనూ దీనికి దగ్గరి చుట్టాలు ఉన్నాయి.

పోంచ్కి దుకాణంలో కొనుక్కోదగినవే. ఫవోర్కి మాత్రం ఇంట్లో చేసుకుని, చేసిన రోజే తినాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇందులో ఈస్టు లేదు, వంటసోడా లేదు, ఓవెన్ అవసరం లేదు. పిండిని పొంగించేవి గాలి, ఆవిరి. ఆ గాలిని పిండిలోకి ఎక్కించాల్సింది మన చేయి. ఆ శ్రమ తప్పించుకోవడానికి బేకింగ్ పౌడర్ కలపమని చెప్పే పద్ధతులు చాలాచోట్ల కనిపిస్తాయి. వాటిని పాటించవద్దు. పౌడర్ వేస్తే ముక్క లోపల మెత్తబడి మందంగా లేస్తుంది, నూనె తాగుతుంది, బిస్కెట్‌కు దగ్గరవుతుంది. ఫవోర్కి పంటి కింద పడగానే పెళుసుగా పగిలి, నోట్లో కరిగిపోవాలి.

కావలసినవి

ఈ కొలతతో వంద చుట్టుపక్కల ముక్కలు వస్తాయి.

మైదా 300 గ్రాములు
గుడ్ల పచ్చసొనలు 90 గ్రాములు
పుల్లని మీగడ 110 గ్రాములు
మెత్తబడిన వెన్న 15 గ్రాములు
గాఢమైన స్పిరిట్, రమ్ లేదా వెనిగర్ ఒక పెద్ద చెంచా
ఉప్పు పావు చెంచా, పంచదార ఒక చిన్న చెంచా
వేయించడానికి నూనె లేదా కొవ్వు ఒక లీటరు
పైన చల్లడానికి పంచదార పొడి 100 గ్రాముల దాకా

పచ్చసొనలను లెక్కతో కాకుండా తూకంతో తీసుకోవడం మేలు. ఐరోపా గుడ్లయితే అయిదు సరిపోతాయి, మన దగ్గర దొరికే చిన్న గుడ్లయితే ఆరు పడతాయి. తెల్లసొన కలపకూడదు. అది వేగాక గట్టిపడి ముక్కకు సాగుడు గుణం ఇస్తుంది, పచ్చసొనలోని కొవ్వు పెళుసుదనం ఇస్తుంది. మిగిలిన తెల్లసొనలు ఒక డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెడితే పాడుకావు. ఒక్క చెంచాడు మాత్రం బయట ఉంచండి, చివర్లో ఇదే పిండితో చేసే గులాబీలకు పనికొస్తుంది.

పోలిష్ వంటిళ్లలో వాడేది శ్మియెతానా అనే పులిసిన మీగడ, 18 శాతం కొవ్వు ఉన్నది. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఉన్నవారికి సవర్ క్రీమ్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో చేసేవారు గట్టి పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి రెండు మూడు గంటలు వేలాడదీయండి. నీరంతా ఓడిన ఆ పెరుగు 70 గ్రాములకు తాజా క్రీమ్ 40 గ్రాములు కలిపితే సరిపోతుంది. నీరు తీయని పెరుగుతో ప్రయత్నించవద్దు. పిండి జారుగా అయి, అదనంగా మైదా చల్లాల్సి వస్తుంది. అక్కడితో పలుచదనం పోతుంది.

స్పిరిట్ ఎందుకు? మద్యం 78 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. ముక్క నూనెలో పడగానే నీటికంటే ముందు అది ఎగిరిపోతూ పొరలను విడదీస్తుంది. పైగా పిండిలో జిగురు మరీ బలంగా కట్టకుండా ఆపుతుంది. నూనె తక్కువ పీల్చుకుంటుందని పోలండ్‌లో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. పోలండ్‌లో 95 శాతం స్పిరిట్ సీసాల్లో అమ్ముతారు. మద్యం వద్దనుకునే ఇళ్లలో వెనిగర్ వాడతారు, అదీ సంప్రదాయమే. దానిలోని పులుపు జిగురును సడలిస్తుంది కాబట్టి పిండి ఒత్తేటప్పుడు వెనక్కి లాగదు. రెండింటితోనూ ఫవోర్కి బాగా వస్తాయి, వెనిగర్ వాసన వేగాక మిగలదు. స్పిరిట్ సీసాను మాత్రం పొయ్యి దరిదాపుల్లో ఉంచకండి.

పిండిలో పంచదార ఇంత తక్కువా అని అనుమానం రావచ్చు. తీపి అంతా పైనుంచే రావాలి. పిండిలో ఎక్కువ వేస్తే లోపల వేగకముందే పైన నల్లబడుతుంది.

ఇక వేయించే కొవ్వు. పాతకాలపు పద్ధతిలో పందికొవ్వు కరిగించి అందులోనే వేయిస్తారు. పందిమాంసం తినని ఇళ్లవారు వాసనలేని శుద్ధి చేసిన పొద్దుతిరుగుడు నూనె వాడుకోవచ్చు. నా సలహా: లీటరు నూనెలో వంద గ్రాముల నెయ్యి కలపండి. కాచిన వెన్న పోలిష్ వంటలోనూ ఉన్నదే, ఆ సువాసన ఈ పిండికి బాగా నప్పుతుంది.

పిండి కలపడం

మైదాను జల్లించి ఉప్పు, పంచదార కలపండి. నడుమ గుంట చేసి పచ్చసొనలు, వెన్న, స్పిరిట్, మీగడలో మూడు వంతులు వేయండి. మిగతా మీగడ చేతి కింద ఉంచుకోండి. మైదా ఒక్కో బ్రాండుది ఒక్కోలా తేమ పీలుస్తుంది, ఎంత పడుతుందో మీ చేతికే తెలుస్తుంది. వేళ్లతో కలుపుతూ పోతే మొదట పొడిపొడిగా, పగుళ్లతో ఉంటుంది. కంగారుపడి నీళ్లు పోయకండి. అయిదు నిమిషాలు పిసికేసరికి వెన్న, పచ్చసొన పట్టి ముద్ద కడుతుంది. అప్పటికీ పగుళ్లు విడుస్తుంటే మిగిలిన మీగడ కొద్దికొద్దిగా చేర్చండి. పూరీల పిండికన్నా ఒక పిసరు గట్టిగా ఉంటే సరైన పదును.

కొట్టడం

ఫవోర్కి తయారయ్యేది ఇక్కడే. పోలిష్ అమ్మమ్మల చేతి ఫవోర్కి ఎందుకు అంత తేలికగా ఉంటాయో ఈ దశలోనే తెలుస్తుంది.

ముద్దను గట్టి బల్ల మీద పెట్టి, అప్పడాల కర్రతో పైనుంచి కొట్టండి. ఒత్తడం కాదు, నిజంగానే దెబ్బ వేయాలి. ముద్ద రెండు వేళ్ల మందానికి పరుచుకోగానే మూడు మడతలుగా మడిచి, పక్కకు తిప్పి మళ్లీ కొట్టండి. ప్రతి మడతలోనూ పలుచని గాలి పొర చిక్కుకుంటుంది. తరువాతి దెబ్బలు ఆ పొరను చిన్నచిన్న బుడగలుగా పిండి అంతటా పంచుతాయి. ఇలా పది నుంచి పదిహేను నిమిషాలు ఆపకుండా చేయాలి. మొదటి అయిదు నిమిషాల్లో తేడా ఏమీ కనిపించదు. ఆపైన ముద్ద నునుపెక్కి, లేత పసుపు రంగుకు తిరుగుతుంది, చేతికి పట్టులా తగులుతుంది. కత్తితో ఒక అంచు కోసి చూడండి: కోసిన చోట సన్నటి బుడగలు కనిపిస్తే చాలినంత అయింది. కనిపించకపోతే ఇంకో అయిదు నిమిషాలు కొట్టాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు బల్ల కింద మందపాటి తువ్వాలు మడిచి వేసుకుంటే కింది ఇంటివారికి ఇబ్బంది ఉండదు. చేతుల్లో బలం చాలనివారికి మరో దారి ఉంది. పోలండ్‌లో చాలామంది ముద్దను కీమా మరలో వేసి మూడు నాలుగు సార్లు తిప్పుతారు. గాలి కొంత ఎక్కుతుంది, పిండి నునుపూ అవుతుంది. కర్రతో కొట్టినంత తేలిక రాదు గానీ, కొట్టకుండా వదిలేయడంకన్నా ఎన్నో రెట్లు నయం.

కొట్టడం పూర్తయ్యాక ముద్దను గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచండి. దెబ్బలకు బిగుసుకున్న జిగురు ఆ గంటలో సడలుతుంది. రాత్రే చేసి పెట్టుకుని మరునాడు వేయించుకున్నా బాగుంటుంది.

ఒత్తడం, కోయడం, మెలిపెట్టడం

ఈ పని ఒంటిచేత్తో చేయడం కష్టం. పోలిష్ ఇళ్లలో ఒకరు ఒత్తితే, ఒకరు కోసి మెలిపెడతారు, ఇంకొకరు బాణలి దగ్గర ఉంటారు. పిల్లలకు మెలిపెట్టే పని ఇస్తే ఎంతో ఇష్టంగా చేస్తారు. ఒక్కరే చేస్తుంటే అన్నీ ఒత్తి, కోసి, మెలిపెట్టాకే పొయ్యి వెలిగించండి.

ముద్దను నాలుగు భాగాలు చేసి ఒక్కటే బయటికి తీయండి, మిగతావి ఫ్రిజ్‌లోనే ఉండాలి. బల్లమీద చిటికెడు మైదా చాలు. మధ్యనుంచి అంచుల వైపు, తిప్పుతూ ఒత్తుకుంటూ పోండి. మందం ఒక మిల్లీమీటరు ఉండాలి. చేతి మీద పరిస్తే పిండి గుండా వేళ్ల నీడ కనిపించాలి, బల్ల మీద ఉంటే చెక్క చారలు లీలగా తెలియాలి. పిండి వెనక్కి లాగుతుంటే బలవంతం చేయకుండా పది నిమిషాలు గుడ్డ కప్పి వదిలేయండి. పాస్తా యంత్రం ఉన్నవారు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. ఈ దశలో యంత్రానికీ చేతికీ రుచిలో తేడా లేదు.

పరుచుకున్న పిండిని మూడు సెంటీమీటర్ల వెడల్పున పొడుగు పట్టీలుగా కోయండి. వాటిని పది పన్నెండు సెంటీమీటర్ల ముక్కలుగా, కొంచెం ఏటవాలుగా కోస్తే చివరలు కోసుగా వచ్చి అందంగా ఉంటాయి. కజ్జికాయల అంచు కోసే పళ్ల చక్రం ఇంట్లో ఉంటే దానితోనే కోయండి, పోలండ్‌లోనూ అలాంటి చక్రమే వాడతారు. ఒక్కో ముక్క మధ్యలో నిలువుగా నాలుగు సెంటీమీటర్ల గాటు పెట్టి, ఒక కొసను ఆ గాటులోంచి దూర్చి అవతలి వైపుకు మెల్లగా లాగండి. గట్టిగా లాగి ముడి బిగించకూడదు. మెలిక బిగిస్తే అక్కడ మందం పెరిగి, మిగతా ముక్క వేగిపోయినా నడుమ పచ్చిగా ఉండిపోతుంది. వదులుగా ఉన్న మెలికలోకి నూనె సులువుగా చేరుతుంది.

సిద్ధమైన ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి పొడి గుడ్డ కప్పండి. ఎక్కువసేపు ఆరితే పైపొర పెంకు కట్టి బుడగలు లేవవు, కాబట్టి అరగంటలోపు వేయించడం మొదలుపెట్టాలి. అంచుల్లో మిగిలిన తుంపులను చేర్చి, చల్లబరిచి, ఒక్కసారి మళ్లీ ఒత్తుకోవచ్చు. రెండోసారి ఒత్తినవి కాస్త గట్టిగా వస్తాయి.

వేయించడం

వెడల్పాటి బాణలిలో కనీసం అయిదు సెంటీమీటర్ల లోతు నూనె ఉండాలి, బాణలి సగానికి మించి నిండకూడదు. 175 నుంచి 180 డిగ్రీలు సరైన వేడి. థర్మామీటర్ ఉంటే తప్పకుండా వాడండి. లేకపోతే చిన్న పిండి తునక వేసి చూడండి: అడుగు తాకీ తాకకుండానే పైకి తేలి, చుట్టూ నురగ కడితే వేడి సరిపోయింది. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి. తేలిన క్షణమే ఎర్రబడితే మంట తగ్గించాలి.

ఒక పచ్చి బంగాళాదుంప చక్రాన్ని నూనెలో వేసి ఉంచడం పోలిష్ ఇళ్లలో ఉన్న అలవాటు. ముక్కలకు అంటిన మైదా రాలి అడుగున మాడుతుంది, ఆ నలుసులను దుంప పట్టుకుంటుంది. నల్లబడగానే తీసి కొత్త ముక్క వేస్తారు. అసలు నూనెలో వేసే ముందే ముక్కకున్న పొడి పిండిని మెత్తని కుంచెతో దులిపేస్తే నూనె చివరిదాకా తేటగా ఉంటుంది.

ఒక్కో వాయకు నాలుగు నుంచి ఆరు ముక్కలే. వేసిన రెండు మూడు క్షణాల్లో ఒంటినిండా బుడగలు లేస్తాయి. మీరు పిండిని బాగా కొట్టారనడానికి రుజువు అదే. ఒక వైపు ఇరవై సెకన్లు, పొడుగాటి పుల్లతో తిప్పి రెండో వైపు మరో ఇరవై సెకన్లు. లేత బంగారు రంగు రాగానే చిల్లుల గరిటెతో తీసేయాలి. పచ్చసొన ఎక్కువ కాబట్టి రంగు వేగంగా మారుతుంది, బయటికి తీశాక కూడా ఒక ఛాయ ముదురుతుంది. ఈ పనిలో ఉండగా ఫోను ఎత్తకండి.

నూనె 165 డిగ్రీలకన్నా చల్లబడితే ముక్కలు జిడ్డోడుతాయి. అందుకే వాయకూ వాయకూ మధ్య అరనిమిషం ఆగి నూనెను తిరిగి వేడెక్కనివ్వాలి. మరీ ఎక్కువ కాగితే మెలిక దగ్గర పచ్చి మిగులుతుంది. పందికొవ్వులో వేయించేవారు 190 డిగ్రీలకు దగ్గరవుతుంటే జాగ్రత్తపడాలి, అది పొగలు కక్కడం మొదలుపెట్టేది అక్కడే.

తీసిన ముక్కలను కాగితం మీద ఒక్క వరుసగా పరచండి. వేడిగా ఉండగా కుప్పపోస్తే వాటి ఆవిరికే అవి మెత్తబడతాయి.

పంచదార చల్లడం, దాచడం

చేతికి గోరువెచ్చగా తగిలేటప్పుడు సన్న జల్లెడతో పంచదార పొడి చల్లండి. మరీ వేడిమీద చల్లితే కరిగి మరకలు కడుతుంది. పొదుపు చేయకండి, ముక్క తెల్లగా కప్పుకోవాలి. కాస్త వనిల్లా కలిపిన పంచదార అయితే ఇంకా మంచిది. ఇంట్లో మిక్సీలో పొడి చేసుకుంటే వంద గ్రాములకు ఒక చిన్న చెంచా మొక్కజొన్న పిండి కలపండి, గడ్డకట్టదు.

పోలండ్‌లో శీతకాలపు గాలి పొడిగా ఉంటుంది, ఇళ్లలో హీటర్లు నడుస్తుంటాయి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి ఇవి గంటలోపే మెత్తబడగలవు. అలాంటిచోట పూర్తిగా చల్లారగానే పంచదార చల్లకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి, తినే ముందు మాత్రమే చల్లుకోవాలి. రెండు మూడు రోజులు కరకరలాడతాయి.

మిగిలిన పిండితో గులాబీలు

ఒక భాగం పిండి మిగుల్చుకోగలిగితే కార్నివాల్ గులాబీలు చేయండి. మూడు సైజుల గ్లాసులతో ఎనిమిది, ఆరు, నాలుగు సెంటీమీటర్ల బిళ్లలు కోయండి. ఒక్కోదాని అంచున అయిదారు చోట్ల మధ్య వైపుగా చిన్న గాట్లు పెట్టండి, అవే రేకులు. పెద్ద బిళ్ల మధ్యన తెల్లసొన చుక్క రాసి దాని మీద నడిమిది, దాని మీద చిన్నది పెట్టి, వేలితో నడుమ గట్టిగా నొక్కండి. చిన్న బిళ్ల కిందికి వచ్చేలా నూనెలో వదిలితే రేకులు విచ్చుకుంటాయి. రంగు రాగానే తిప్పాలి. మూడు పొరలు కాబట్టి మంట కొంచెం తగ్గించి, ఒక్కో వైపు అరనిమిషం పైగా వేగనివ్వాలి. చల్లారాక పంచదార చల్లి, నడుమ గుంటలో పుల్లని చెర్రీ జామ్ పెడతారు. గులాబీ రేకుల జామ్ దొరికితే మరీ మంచిది. జామ్ మాత్రం వడ్డించే ముందే పెట్టండి, ముందుగా పెడితే దాని తడికి నడుమ భాగం నాని చప్పబడిపోతుంది.